చలికాలం క్యాంపింగ్‌కి క్యాంపర్ వ్యాన్ రెడీ చేసుకోవడం ఎలా: బెంగళూరు నుంచి బయల్దేరేవాళ్లకి

ఊటీ అవతల ఒక టీ ఎస్టేట్, జనవరి, తెల్లారుజాము నాలుగున్నర. ముక్కు మీద టప్‌మని చల్లటి చుక్క పడింది. వాన అనుకుని ఫోన్ లైటు వేసి చూస్తే బయట చుక్కలు మెరుస్తున్నాయి, వాన మాత్రం వ్యాన్ లోపల పడుతోంది. రూఫ్ కింద అడ్డంగా ఉండే ఇనప రిబ్ పొడుగునా నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి, గోడ వైపు పరుపు తడి, మా ఆవిడ రగ్గు అంచు తడి. రాత్రి పడుకునే ముందు నేనే, చలి రాకూడదని కిటికీలు వెంట్లు అన్నీ టేపు వేసి మరీ మూశాను. అదే తప్పు.

మాది సెకండ్ హ్యాండ్ ఫోర్స్ ట్రావెలర్ 3350, బెంగళూరులోనే కొని మెల్లగా క్యాంపర్‌గా మార్చుకున్నాం. ఇప్పటికి నాలుగు చలికాలాలు తిప్పాం, మూడు దక్షిణంలో, ఒకటి మనాలీ దాకా. ఎక్కడ డబ్బులు వేస్ట్ చేశానో, ఎక్కడ పీనాసితనం చేసి అనుభవించానో అన్నీ కలిపి వరసలో రాస్తున్నా. టైమ్ లేకపోతే తేమ గురించీ కార్బన్ మోనాక్సైడ్ గురించీ ఉన్నవి మాత్రం తప్పకుండా చదవండి.

స్టెప్ 1: ఏ చలికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

బెంగళూరులో రికార్డయిన అతి తక్కువ టెంపరేచర్ 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అంటే మన ఊళ్లో ఎంత చలిగా అనిపించినా అది బండికి చలి కాదు, ఇక్కడ బాగా పనిచేసే వస్తువు అక్కడ పనిచేస్తుందని గ్యారంటీ లేదు.

చలి రెండు రకాలు అనుకోండి. మొదటిది ఊటీ, కొడైకెనాల్, మున్నార్ రకం: పగలు ఎండ, రాత్రి సున్నాకి అటూ ఇటూ, పొద్దున గడ్డి మీద తెల్లగా మంచు, తొమ్మిదింటికల్లా మాయం. సంక్రాంతికి ఊరెళ్లి అట్నుంచటే లంబసింగి వెళ్లేవాళ్లకీ ఇదే. అక్కడివాళ్లు ఆ ఊరిని కొర్రబయలు అంటారు, బయట పడుకుంటే పొద్దున్నకి కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరు, ఇన్సులేషన్ గురించి నేను ఇంతసేపు రాసేదంతా వాళ్లు ఒక్క మాటలో పెట్టేశారు. రెండోది హిమాచల్ రకం: రాత్రి మైనస్ 5, మైనస్ 10, నీళ్లు నిజంగానే గడ్డకడతాయి, ఒక్కోసారి పగలు కూడా కరగవు.

మొదటి రకానికి హీటర్ కొనక్కర్లేదు, ఇది నా గట్టి అభిప్రాయం. మంచి ఇన్సులేషన్, మంచి పరుపు, రెండు హాట్ వాటర్ బ్యాగులు, మంకీ క్యాప్ చాలు. రెండో రకానికైతే కింద రాసినవాటిలో ఒక్కటి కూడా వదలకూడదు.

స్టెప్ 2: తేమ

మనిషి రాత్రంతా ఊపిరిలో, ఒంటి మీంచి పావు లీటరు పైనే నీళ్లు గాల్లోకి వదులుతాడు. ఇద్దరుంటే అర లీటరు దాటింది. దాని మీద చారు కాచి, అన్నం వండి, తడి జాకెట్లు లోపల ఆరేస్తే ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? లోపల ఏది అన్నిటికంటే చల్లగా ఉంటే దాని మీద కూర్చుంటాయి, అంటే అద్దం, ఇనుము, పరుపు అడుగు.

ఇంకో సంగతి, ఇది తెలిసిన రోజు నేనే ఆశ్చర్యపోయా. ఒక కేజీ ఎల్‌పీజీ కాలితే సుమారు కేజీన్నర నీళ్లు ఆవిరిగా బయటికొస్తాయి, గ్యాస్‌లోని హైడ్రోజన్ గాల్లోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల. అందుకే స్టవ్ వెలిగించి వ్యాన్ వేడి చేసుకుందాం అనుకోవడం అంటే వేడితోపాటు బకెట్‌తో నీళ్లు చల్లుకోవడమే, పైగా విషవాయువు ప్రమాదం.

చేయాల్సింది ఇదీ: పైన రూఫ్ వెంట్ రెండు వేళ్ల మందం తెరిచి ఉంచాలి, కింద ఎక్కడో ఒక చోట గాలి లోపలికొచ్చే దారి ఉండాలి, చలేసినా సరే ఈ రెండూ రాత్రంతా మూయకూడదు. వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, దింపాక ఇంకో పది నిమిషాలు తిరగనివ్వండి. పరుపు కింద ప్లైవుడ్ నేరుగా ఉంటే దానికి కంతలు పెట్టించండి, లేదా మధ్యలో కొబ్బరి పీచు చాప వేయండి, గాలి ఆడుతుంది. పొద్దున లేవగానే అద్దాలు మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ బయట పిండాలి. మొదటిసారి పిండినప్పుడు టీ గ్లాసుడు నీళ్లొచ్చాయి, మా ఆవిడ అది ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది, మామయ్య ఏమో బండి లీకేమో చూపించుకో అల్లుడూ అన్నాడు.

స్టెప్ 3: ఇన్సులేషన్

థర్మోకోల్ వద్దు, కుదుపులకి పొడిపొడిగా రాలుతుంది, కీచుకీచుమంటుంది. గ్లాస్ వూల్ కూడా వద్దు, తేమ పీల్చుకుని రేకు లోపల తడి గుడ్డలా ఉండిపోయి తుప్పు పట్టిస్తుంది. ఏసీ డక్ట్ పనివాళ్లు వాడే నల్లటి నైట్రైల్ రబ్బర్ షీట్ ఉంటుంది చూడండి, వెనక స్టిక్కర్ ఉన్నది, అది తీసుకోండి. గోడలకి 19 మిల్లీమీటర్లు, రూఫ్‌కి 25 అయితే ఇంకా మంచిది. అంటించేముందు రేకుని థిన్నర్‌తో తుడవకపోతే ఏప్రిల్ ఎండకి ఊడి వేలాడుతుంది, మాది వేలాడింది.

అందరూ చేసే పొరపాటు ఏంటంటే రిబ్బుల మధ్య ఖాళీలు నింపి రిబ్బుల్ని వదిలేయడం. ఆ ఇనుము బయటి చలిని నేరుగా లోపలికి తెచ్చి పెడుతుంది, నా ముక్కు మీద చుక్క అక్కణ్నుంచే వచ్చింది. రిబ్బు మీద కూడా కనీసం 6 మిల్లీమీటర్ల షీట్ చుట్టాలి. ఇంత పని చేయించలేకపోతే, పడుకునే చోటి పైన, పక్కన మాత్రమైనా చేయించండి.

కిటికీలకి ఫ్యాక్టరీ రేకుల కింద వేసే వెండి రంగు బబుల్ ఫాయిల్ కొనండి. పాత న్యూస్‌పేపర్ అద్దానికి ఆనించి కొలత గీసుకుని, అర అంగుళం పెద్దగా కట్ చేస్తే బిగువుగా కూర్చుంటుంది. డ్రైవర్ క్యాబిన్ అన్నిటికన్నా పెద్ద చిల్లు, అంత పెద్ద అద్దం, డోర్ల సందులు. దానికీ పడగ్గదికీ మధ్య మందపాటి రజాయి ఒకటి కర్టెన్‌లా వేలాడదీయండి. మేం అత్తగారు కుట్టిన పాత బొంత కట్టాం, ఏ కంపెనీ కర్టెన్ కూడా దాని ముందు పనికిరాదు. నేలకి పాత గొంగళి.

బాడీకి మార్పులు చేయించేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండి నిర్మాణం మారిస్తే ఆర్‌టీఓ పర్మిషన్ కావాలి, ఆర్‌సీలో ఎక్కాలి. లోపల ఫోమ్ అంటించడం వేరు, రూఫ్ కోయడం, సీట్లు పీకేయడం వేరు.

స్టెప్ 4: నీళ్లు

ఊటీ రకం ట్రిప్‌కి ఇది చాలా సింపుల్: ట్యాంక్ లోపలే ఉంటే చాలు, బండి కింద వేలాడే పైపులకి ఏసీ పైపులకి వేసే నల్ల గొట్టం తొడగండి, అంతే.

హిమాచల్ రకానికి కథ వేరు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకి సీపీవీసీ పైపు ఆగదు, పంపు ఆగదు, గీజర్ ట్యాంక్ ఆగదు. మనాలీ దగ్గర నేను పెద్ద తెలివైనవాడిలా ట్యాంక్ ఖాళీ చేసి, ట్యాప్‌లు తెరిచి హాయిగా పడుకున్నా. పొద్దున ఎండొచ్చాక సింక్ కింద చూస్తే నీళ్లు. పంపు ముందు చిన్న గ్లాసంత ప్లాస్టిక్ ఫిల్టర్ ఉంటుంది, జల్లెడ వేసి, దాంట్లో రెండు స్పూన్ల నీళ్లు ఉండిపోయాయి, వెంట్రుకవాసి పగులు, గోరు పెడితే తగుల్తోంది. రెండు స్పూన్ల నీళ్లకి మిగతా ట్రిప్ అంతా చెంబు స్నానమే.

కాబట్టి ఖాళీ చేసే వరస తప్పకుండా ఇలాగే చేయండి. గీజర్ స్విచ్ ఆపి చల్లారనివ్వాలి. ట్యాంక్ డ్రెయిన్ తెరవాలి. వేడి, చన్నీళ్లు రెండు వైపులా అన్ని ట్యాప్‌లూ తెరవాలి, షవర్ గొట్టం కిందకి దించి మరీ. గీజర్ డ్రెయిన్ ప్లగ్ తీయాలి. పంపు ఒక్క పది సెకన్లు ఉత్తినే తిప్పి ఆపాలి, ఎక్కువసేపు తిప్పితే మోటార్ పోతుంది. తర్వాత పంక్చర్‌కి వాడే చిన్న ఎయిర్ కంప్రెసర్‌తో 30 పీఎస్ఐ దాటకుండా గాలి ఊదుతూ ఒక్కో ట్యాప్ మూస్తూ తెరుస్తూ రావాలి, బుడగలు ఆగి ఉత్త గాలి వచ్చేదాకా. ఆఖర్న ఆ ఫిల్టర్ కప్పు చేత్తో విప్పి, తుడిచి, విప్పేసే ఉంచాలి.

సింక్ కింద వంపు పైపులో నీళ్లు ఎలాగూ మిగుల్తాయి. దాంట్లో ప్రొపిలీన్ గ్లైకాల్ పోయాలి, రేడియేటర్‌లో పోసే ఎథిలీన్ గ్లైకాల్ మాత్రం వద్దు, అది విషం. వాడిన నీళ్ల ట్యాంక్ ప్లాస్టిక్‌దయితే రాళ్ల ఉప్పు పనిచేస్తుంది, పది శాతం ఉప్పు నీళ్లు మైనస్ 6 దాకా, ఇరవై శాతం అయితే మైనస్ 16 దాకా గట్టిపడవు. స్టీల్ ట్యాంక్‌లో వేయకండి, తినేస్తుంది.

ఇన్ని తిప్పలు పడ్డాక ఇప్పుడు నేను చేసేది ఏంటంటే, పైపులన్నీ బెంగళూరులోనే ఆరబెట్టేసి, రెండు 20 లీటర్ల క్యాన్లు, ఒక చేతి పంపు, వ్యాన్ లోపల మంచం పక్కన. తాగడానికి రాత్రే ఫ్లాస్క్‌లో వేడి నీళ్లు. గొప్పగా ఉండదు, కానీ పగిలేదేం లేదు.

స్టెప్ 5: గ్యాస్

మన ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది, బ్యూటేన్ మాత్రం మైనస్ 0.5 దగ్గరే మొండికేస్తుంది. అందుకే చలి పొద్దున్న స్టవ్ వెలిగిస్తే మంట నీరసంగా, అగ్గిపుల్లంత ఉంటుంది, సిలిండర్ ఊపితే లోపల గ్యాస్ గలగలమంటూనే ఉంటుంది. ఇంకో తిరకాసు, ముందు ప్రొపేనే ఎక్కువ ఖర్చయిపోతుంది, కాబట్టి సగం అయిన సిలిండర్ కొత్తదానికంటే చలికి ఎక్కువ మొరాయిస్తుంది. ఘాట్ ఎక్కే ముందే కొత్త 5 కేజీల సిలిండర్ పెట్టుకోండి, పాతది కింద వాడేయండి.

మంట తగ్గితే సిలిండర్ని గోరువెచ్చటి నీళ్ల టబ్‌లో నిలబెట్టండి. వేడి వేడి నీళ్లు కాదు, మంట అసలే కాదు, హైవే దాబా దగ్గర ఒక డ్రైవర్ సిలిండర్ కింద గుడ్డ కాల్చడం నా కళ్లారా చూశా, బండి తీసి రెండొందల మీటర్లు అవతల పెట్టుకున్నా.

సిలిండర్ పెట్టె కిందిభాగంలో బయటికి కంత ఉండాలి, ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందే పోగవుతుంది. అందుకే గ్యాస్ లీక్ డిటెక్టర్ నేల దగ్గర పెట్టాలి.

స్టెప్ 6: హీటర్, కార్బన్ మోనాక్సైడ్

బొగ్గుల కుంపటి వ్యాన్‌లోకి తేవద్దు. క్యాంప్ ఫైర్‌లో మిగిలిన నిప్పులు కూడా, ఎర్రగా ఉన్నా చల్లారినట్టున్నా. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, పొగ లేదు, కొంచెం తలనొప్పి, కొంచెం మత్తు, నిద్ర ముంచుకొస్తోంది అనుకుంటాం, అంతే, లేవం. ప్రతి చలికాలం పేపర్లో చదువుతూనే ఉంటాం. బ్యాటరీతో నడిచే సీఓ అలారం ఒకటి పడుకునేటప్పుడు తల ఉండే ఎత్తులో పెట్టండి. ఇందాకటి గ్యాస్ లీక్ డిటెక్టర్ వేరు, ఇది వేరు, రెండూ ఉండాల్సిందే. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి.

హిమాచల్‌కయితే డీజిల్ హీటర్ పెట్టించండి. దాంట్లో మంట మూసిన గదిలో మండుతుంది, గాలి కింద నుంచి తీసుకుని పొగ కిందికే వదుల్తుంది, లోపలికి వేడి గాలి ఒక్కటే వస్తుంది. ట్రావెలర్ సైజుకి 2 కిలోవాట్లది చాలు, గంటకి పావు లీటరు లోపే తాగుతుంది. 5 కిలోవాట్లది కొంటే ఎప్పుడూ స్లోలోనే తిప్పాల్సొచ్చి లోపల మసి పేరుకుంటుంది, నాది అదే. పొగ గొట్టం చివర కిటికీ కిందకి, డోర్ కిందకి రాకుండా చూడండి. ఎత్తుకెళ్లేకొద్దీ గాల్లో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే డీజిల్ పంపితే నల్ల పొగ, మసి. కాబట్టి ఎత్తుకి తగ్గట్టు అడ్జస్ట్ చేసే మోడలే అడగండి. వెలిగేటప్పుడు ఒక రెండు మూడు నిమిషాలు 8, 10 ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ వీక్‌గా ఉంటే వెలగకుండానే ఎర్రర్ చూపిస్తుంది.

స్టెప్ 7: బ్యాటరీలు, సోలార్

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా కింద చార్జ్ చేయకూడదు, వాడుకోవచ్చు, కానీ చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. బెంగళూరు ఎస్‌పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లో బ్యాటరీ కట్టించుకుంటే బీఎంఎస్‌లో, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్‌లో, చలికి చార్జింగ్ ఆపేసే లో టెంపరేచర్ కట్ ఆఫ్ ఉందా అని నోరు తెరిచి అడగండి, ఉంది సార్ అంటే సెన్సర్ వైరు ఎక్కడుందో చూపించమనండి. మంచం కింద, వ్యాన్ లోపల పెడితే సగం బాధ తీరుతుంది.

ఇంజన్ బ్యాటరీ మామూలు లెడ్ యాసిడ్‌దే. సున్నా దగ్గర దాని సత్తువ ఐదో వంతు పోతుంది, మైనస్ 18కి సగమే మిగుల్తుంది. బెంగళూరులో సెల్ఫ్ కొడితే స్టార్టవుతోంది కదా అనుకోకండి, లోడ్ టెస్ట్ చేయించండి, మూడేళ్లు దాటితే మార్చేయండి.

సోలార్ మీద ఆశలు తగ్గించుకోవాలి. డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం బెంగళూరులో సూర్యుడు సుమారు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మనాలీలో 34. రూఫ్ మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి ఏటవాలుగా తగుల్తుంది, దానికి తోడు కొండ నీడ. మధ్యాహ్నం మూడింటికే కొండ వెనక్కి దాక్కున్న రోజులున్నాయి.

స్టెప్ 8: ఇంజన్, డీజిల్, టైర్లు

కూలెంట్ ముందు చూపించండి. మన దగ్గర కూలెంట్ తగ్గినప్పుడల్లా మెకానిక్‌లు బాటిల్ నీళ్లు పోసేస్తారు, వేడి దేశం కాబట్టి నడిచిపోతుంది. సగం ఎథిలీన్ గ్లైకాల్, సగం నీళ్లు ఉంటే మైనస్ 37 దాకా గట్టిపడదు. నీళ్లు ఎక్కువైతే ఇంజన్ బ్లాకే పగలొచ్చు. మా బండిది టెస్ట్ చేస్తే దాదాపు మంచి నీళ్లే. మొత్తం దించేసి ప్రీమిక్స్, అంటే నీళ్లు ముందే కలిపి వచ్చే కూలెంట్, పోయించాం.

డీజిల్ బాగా చలికి మైనం కట్టి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం మైనస్ 33 దాకా పారే వింటర్ డీజిల్ తెచ్చింది. మీరు చేయగలిగిందేంటంటే కింద మైదానంలో ట్యాంక్ నింపుకుని పైకెళ్లకుండా, సగంతో వెళ్లి అక్కడి బంకులోనే కొట్టించుకోవడం. పాత లారీ డ్రైవర్లు కిరోసిన్ కలపమంటారు, బీఎస్ 6 బండిలో ఆ పని చేయకండి. డీఈఎఫ్ (పొగని శుభ్రం చేయడానికి విడిగా పోసే యూరియా నీళ్లు) వాడే బండయితే అది మైనస్ 11కే గడ్డకడుతుంది, బండి ట్యాంక్‌కి దాని ఏర్పాటు ఉంటుంది గానీ స్పేర్ క్యాన్ లోపల పెట్టుకోండి, నిండా ఉన్న క్యాన్ అయితే ఉబ్బి పగుల్తుంది.

టైర్లలో గాలి ప్రతి 5, 6 డిగ్రీల చలికి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. ఎత్తు వల్ల కాస్త వెనక్కి వస్తుందిలే కానీ లెక్కలు వేసుకోకుండా అక్కడికెళ్లాక పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. మనాలీ పైన 2020లో తెరిచిన అటల్ టన్నెల్, 9 కిలోమీటర్లు, అవతల వైపు బయటపడగానే ఇంకో ప్రపంచం, మంచు పడితే పోలీసులు ఫోర్ బై ఫోర్ లేదా చైన్లున్న బళ్లనే వదులుతారు. చైన్లు వేయడం ఇంటి దగ్గరే నేర్చుకోండి, ట్రావెలర్‌కి వెనక చక్రాలకి. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేను చైన్లతో కుస్తీ పడుతుంటే సెక్యూరిటీ ఆయన బండి దొంగతనం కాకుండానా సార్ అనడిగాడు. మొదటిసారి 50 నిమిషాలు పట్టింది. మంచులో, చేతులు కొయ్యబారి, వెనక హారన్లు కొడుతుంటే నేర్చుకునే విద్య కాదది.

గడ్డకట్టే రాత్రుల్లో హ్యాండ్ బ్రేక్ వేయకండి, పట్టుకుపోవచ్చు. సమంగా ఉన్న చోట గేర్‌లో పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. వైపర్లు అద్దం మీంచి లేపి ఉంచండి.

స్టెప్ 9: ట్రయల్

నేరుగా హిమాచల్ వెళ్లకండి, బెంగళూరు నుంచి మనాలీ రెండున్నర వేల కిలోమీటర్ల పైమాట. ముందు ఊటీ వైపు రెండు రాత్రులు. రూల్స్ గుర్తుంచుకోండి: బండీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూత, 2009 నుంచీ ఇంతే. ఊటీ, కొడైకెనాల్‌లకి 2024 మే నుంచి ఈ-పాస్ తీసుకోవాలి. బరువు బండి కాబట్టి కల్హట్టి ఘాట్ 36 మలుపులు వద్దు, గూడలూరు రోడ్డే. అడవి పక్కన ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోవడం కుదరదు, ఎస్టేట్ లేదా హోమ్‌స్టే వాళ్లని ముందే అడిగి వాళ్ల స్థలంలో పెట్టుకోండి.

అక్కడ రెండు రాత్రులూ ఒక చిన్న థర్మామీటర్, తేమ చూపించేది కలిపి ఉన్నది, పరుపు పక్కన పెట్టి పడుకునేముందు, లేవగానే రాసుకోండి. తేమ 70 శాతం దాటి ఉంటే వెంట్ ఇంకొంచెం తెరవాలి. రెండో రాత్రి తేమ లెక్క మొదటి రాత్రికంటే తగ్గితే మీ సెటప్ దారిలో పడ్డట్టే.

తిరిగొచ్చాక అదే రోజు, ఎంత అలిసిపోయినా, పరుపులు బయటేసి, అరలన్నీ తెరిచి, గొంగళ్లు రగ్గులు బొంత ఎండేయండి, లేకపోతే వారానికి నల్లటి బూజు. మాకు ఎండ తగిలేది అపార్ట్‌మెంట్ విజిటర్ పార్కింగ్‌లోనే. అక్కడ మొత్తం పరిస్తే మూడో ఫ్లోర్ ఆంటీ వచ్చి, ఏమ్మా ఇల్లు ఖాళీ చేస్తున్నారా, అద్దె ఎంత కడుతున్నారు అని అడిగి వెళ్లింది.